పోలీసులు నిందితుడికి మందిచ్చి నిజం చెప్పిస్తే తప్పెలా అవుతుంది? రక్తం, వేలిముద్రలు తీసుకుంటున్నారు కదా!

2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నే తేల్చింది. ఒప్పుకోని మనిషికి నార్కో (మత్తుమందిచ్చి ప్రశ్నించడం), పాలీగ్రాఫ్ (ఊపిరి, గుండె వేగం లాంటివి కొలిచి అబద్ధాన్ని పసిగట్టే ప్రయత్నం), బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు స్పందనలను నమోదు చేయడం) పరీక్షలు చేయకూడదు. నిందితుణ్ణి తనమీద తాను సాక్ష్యం చెప్పుకోమని బలవంతపెట్టకూడదనే 20(3), ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21, ఈ రాజ్యాంగ అధికరణాలు రెండూ అడ్డొస్తాయి.

వేలిముద్రల సంగతి వేరు. అవి ఇవ్వడం తనమీద తాను సాక్ష్యం చెప్పుకోవడం కాదని 1961లోనే కాఠీ కాలూ ఓఘడ్ కేసులో తీర్పొచ్చింది. వేలి గీతలు మన ఇష్టాయిష్టాలను బట్టి మారవు. మాట అలా కాదు, చెప్పాలా మానాలా అని లోపల ఒకరు తేల్చుకోవాలి. నార్కో పరీక్షలో వాడే సోడియం పెంటోథాల్ అనే మత్తుమందు ఎక్కిస్తే సడలిపోయేది ఆ తేల్చుకునే శక్తే. అప్పుడు నోటివెంట వచ్చింది నిజమో, ఊహో, అడిగినవాళ్లు అందించిన మాటో చెప్పలేం. పోనీ నిజమే అనుకుందాం. అయినా అభ్యంతరం పోదు, ఎందుకంటే అక్కడ మనిషిని పక్కకు నెట్టి అతని నోటిని వాడుకున్నారు.

ఇంకోవైపు నుంచి చూడండి. మనకు తెలియకుండానో బలవంతంగానో ఎవరైనా మత్తు ఇచ్చి, ఏం చేస్తున్నామో తెలియని స్థితిలో మనం చేసిన పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 23వ సెక్షన్ చెబుతోంది. ఆ పనికి నన్ను బాధ్యుణ్ణి చేయని చట్టం, అదే మత్తులో పలికించిన మాటను నాదని ఎలా అంటుంది? నాకు అన్నిటికంటే బలంగా తోచే వాదన ఇదే.

నిందితుడు ఇష్టపడి ఒప్పుకుంటే తగిన జాగ్రత్తలతో పరీక్ష చేయొచ్చు. అప్పుడు కూడా ఆ జవాబులు సాక్ష్యం కావు. వాటివల్ల తర్వాత బయటపడిన వస్తువునో సమాచారాన్నో మాత్రమే కోర్టు పరిగణిస్తుంది.