‘హి బి వర్కింగ్’ అని రాస్తే దిద్దాలా?

ప్రశ్న: అమెరికాలో ఏడో తరగతికి ఇంగ్లిష్ చెబుతున్నాను. నల్లజాతి పిల్లలు వ్యాసంలో ఇంటి ఇంగ్లిష్ రాస్తే దిద్దాలా, వదిలేయాలా?

దిద్దే ముందు అందులోని వ్యాకరణం నేర్చుకోండి. తెలుగువాళ్లకు ఇది తేలిక కూడా. ‘హి వర్కింగ్’ అంటే ఇప్పుడు పనిచేస్తున్నాడు. ‘హి బి వర్కింగ్’ అంటే పనిచేస్తుంటాడు. మన ‘చేస్తున్నాడు’, ‘చేస్తుంటాడు’ మధ్య ఉన్న తేడానే ఇది. పుస్తకాల ఇంగ్లిష్‌లో ‘హి ఈజ్ వర్కింగ్’కి ఈ అర్థం రావాలంటే ‘యూజువల్లీ’ లాంటి మాట ఒకటి తగిలించాలి. భాషా పరిశోధకురాలు జానిస్ జాక్సన్ పిల్లలకు ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల టీవీ కార్యక్రమంలోని పాత్రల బొమ్మ ఒకటి చూపించారు: ఎప్పుడూ బిస్కెట్లు తినే కుకీ మాన్‌స్టర్ జ్వరంతో పడుకుని ఉంది, ఎల్మో బిస్కెట్లు తింటోంది. ‘హూ బి ఈటింగ్ కుకీస్?’ అని అడిగితే నల్లజాతి పిల్లలు ఎక్కువగా కుకీ మాన్‌స్టర్‌నే చూపారు. రోజూ తినేది అదే కదా!

‘షి ఈజ్ టాల్’ బదులు ‘షి టాల్’ అనడం కూడా అంతే. మన ‘ఆమె పొడుగు’లో మాత్రం క్రియ ఎక్కడుంది? అయితే ఇష్టమొచ్చినట్టు తీసేయరు. ‘ఐ యామ్’లో ‘యామ్’ పోదు, గతకాలపు ‘వాజ్’ పోదు, ‘ఐ నో వేర్ షి ఈజ్’ అన్నప్పుడు చివరి ‘ఈజ్’ పోదు.

క్లాసులో ఒక పీరియడ్ దీనికే ఇవ్వండి. నల్లజాతి రచయితల అచ్చయిన కథల్లోంచి పది పన్నెండు సంభాషణలు తీసుకోండి. పిల్లల నోటుపుస్తకాల్లోంచి మాత్రం వద్దు, నలుగురిలో ఎవరివో తెలిసిపోతాయి. రెండు నిలువు వరసలు గీసి, పక్కన పుస్తకాల ఇంగ్లిష్ రాయించి, నియమం ఏమిటో పిల్లలనే కనిపెట్టమనండి. ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే: మిగతా పిల్లలు యాస అనుకరించి నవ్వుతారు, లేదా టీచరే ఒక నల్లజాతి విద్యార్థిని నిలబెట్టి ‘మీ ఇంట్లో ఎలా అంటారు?’ అని అడుగుతారు. రెండూ జరగనివ్వకండి. బిగ్గరగా చదివించకుండా మౌనంగా చదివిస్తే మొదటిది చాలావరకు ఆగుతుంది.

దిద్దేటప్పుడు రెండు రంగుల పెన్నులు వాడండి. అక్షరదోషాలు, విరామచిహ్నాలు ఒక రంగు. ఇంటి భాష నియమం ప్రకారం వచ్చినవి రెండో రంగు, పక్కన ‘తప్పు’ అని కాకుండా ‘ఇక్కడ ఏ ఇంగ్లిష్ కావాలి?’ అని రాయండి. కథలో, కవితలో, సంభాషణలో అవి అలాగే ఉండనివ్వండి, మార్కులు కోయకండి. పరీక్ష వ్యాసంలో మార్చమని చెప్పండి, ఎందుకో దాచకుండా చెప్పండి: దిద్దేవాళ్లు ఆ ఒక్క ఇంగ్లిష్‌కే మార్కులు వేస్తారు, అది న్యాయం కాకపోయినా. ‘ఇది మర్యాద భాష, అది ఇంటి భాష’ అని మాత్రం అనకండి. తెలంగాణ మాటను సినిమాల్లో విలన్‌కో హాస్యగాడికో అంటగట్టిన రోజులు గుర్తున్నవాళ్లకు ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలుసు.

ఒక చిత్తుప్రతికి ఒకే నియమం తీసుకోండి. ఐదింటిని ఒకేసారి పట్టుకుంటే పిల్లలు చిన్న చిన్న వాక్యాలకు పరిమితమైపోతారు, తప్పు పడుతుందనే భయంతో.

ప్రిన్సిపాల్ అడ్డు చెబితే రెండు విషయాలు చూపండి. కాలేజీ రచనా బోధకుల సంఘం 1974లోనే విద్యార్థులకు తమ సొంత భాషపై హక్కుందని తీర్మానించింది. 1979లో మిషిగన్‌లోని యాన్ ఆర్బర్ కేసులో జడ్జి చార్లెస్ జాయినర్, చదవడం నేర్పేటప్పుడు పిల్లల ఇంటి భాషను లెక్కలోకి తీసుకోవాలని, అందుకు టీచర్లను సిద్ధం చేసే ప్రణాళిక ఇవ్వాలని బడుల బోర్డును ఆదేశించారు.