డీర్ మౌస్ ఎలుకలపై హంటా వైరస్ పరిశోధన: పని ఎలా ఉంటుంది, ప్రమాదం ఎంత?

మోంటానాలో ఎకాలజీ ఎం.ఎస్. సీటు వచ్చిందనీ, అక్కడి ప్రొఫెసరు డీర్ మౌస్ అనే అడవి ఎలుకల్లో హంటా వైరస్ మీద పని ఇస్తానన్నారనీ, ఆ మాట వినగానే ఇంట్లోవాళ్ళు వద్దంటున్నారనీ రాశారు. పశ్చిమ మోంటానాలో అదే పని చేసి డిగ్రీ పూర్తిచేసినవాణ్ణి కాబట్టి, చేరమనే అంటాను. అలాగని మీవాళ్ళ భయాన్ని కొట్టిపారేయను.

1993 మే నెలలో న్యూమెక్సికో, ఆరిజోనా, కొలరాడో, యూటా రాష్ట్రాలు కలిసే ప్రాంతంలో, నిక్షేపంగా ఉన్న యువకులు కొద్ది రోజుల జ్వరం, ఒళ్ళునొప్పుల తరువాత ఉన్నట్టుండి ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోయారు. దానికి కారణం తరువాత సిన్ నోంబ్రే అని పేరు పెట్టిన ఒక కొత్త హంటా వైరస్ అనీ, దాన్ని మోసేది డీర్ మౌస్ అనీ కొన్ని వారాల్లోనే తేలింది. ఊపిరితిత్తుల దాకా వచ్చినవారిలో మూడోవంతుకు పైగా నేటికీ మరణిస్తున్నారు; దీనికి టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు. ఎలుక మూత్రం, పెంటికలు, లాలాజలం కలిసిన దుమ్మును పీల్చడమే మనుషులకు సోకే ప్రధాన మార్గం. అందువల్ల గాలీ వెలుతురూ ఉన్న బయలుకన్నా చాలాకాలం మూసి ఉంచిన గదులే ప్రమాదకరం. 2012లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో పదిమందికి ఈ జబ్బు సోకి ముగ్గురు చనిపోయినప్పుడు, వారిలో ఎక్కువమంది బస చేసిన గుడారాల రెండు పొరల గోడల మధ్య ఎలుకలు కాపురం పెట్టినట్టు కనుగొన్నారు. ఇక ఉత్తర అమెరికాలో ఇలాంటి ఎలుకలను వృత్తిరీత్యా పట్టుకున్న 757 మంది రక్తాన్ని పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ వైరస్ ఎప్పుడో సోకిందనడానికి గుర్తైన యాంటీబాడీలు కనిపించినది నలుగురిలోనే. మీ ఇంట్లో ముందుగా ఈ సంఖ్య చెప్పండి.

పని విషయానికి వస్తే, సాయంత్రం దాదాపు హెక్టారు నేలలో పది వరుసలుగా, వరుసకు పది చొప్పున షెర్మన్ ట్రాప్‌లనే రేకు పెట్టెలు పెడతాం. ఎరగా ఓట్స్, పీనట్ బటర్ వేస్తాం. వాటితోపాటు గుప్పెడు పాలియెస్టర్ దూది కూడా పెట్టాలి, లేకపోతే 20 గ్రాముల ఆ ప్రాణి తెల్లారేసరికి చలికి కొయ్యబారిపోతుంది. పొద్దున్నే రెస్పిరేటరు (గాలిని వడగట్టే ముసుగు), గ్లవ్స్ వేసుకుని, గాలి మన వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, ఎలుకను సంచిలోకి దించి స్ప్రింగు కాటాతో తూస్తాం. పెద్ద నల్లని కళ్ళు, తెల్లని పొట్ట, పైన గోధుమరంగు కింద తెలుపుగా రెండు రంగుల తోక చూస్తే ఇంటి చిట్టెలుక కాదని ఇట్టే తెలిసిపోతుంది. చెవికి నంబరు బిళ్ళ వేసి, కాస్త రక్తం తీసుకుని, పట్టిన చోటే వదిలేస్తాం. ఎలుక పడిన ప్రతి పెట్టెనూ బ్లీచింగ్ నీళ్ళతో కడగడమే ఈ పనిలో అన్నిటికన్నా విసుగు పుట్టించేది, ఎగ్గొట్టకూడనిదీ.

బలిసిన మగ ఎలుకల చెవులమీద, తోక మొదట్లో కాటు గాట్లు కనిపిస్తాయి. వాటిని తప్పక నమోదు చేయండి, ఎందుకంటే ఈ వైరస్ ఒక ఎలుక నుంచి మరో ఎలుకకు ఎక్కువగా కొట్లాటల్లో కరుచుకోవడం వల్లే పాకుతుంది. తల్లి నుంచి పిల్లలకు పుట్టుకతో రాదు. పైగా తల్లి ఇచ్చిన యాంటీబాడీలు పిల్లలను కొంతకాలం కాపాడతాయి. అందువల్ల వానలు బాగా కురిసి ఎలుకలు ఇబ్బడిముబ్బడిగా పెరిగిన ఏడాది, వాటిలో ఎక్కువ భాగం అప్పుడే పుట్టినవి కాబట్టి, వైరస్ ఉన్నవాటి నిష్పత్తి తగ్గినట్టు కూడా కనిపించవచ్చు. చలికాలం గడిచి సంఖ్య పడిపోయాక, బతికి మిగిలిన ముదురు ఎలుకల్లో ఆ నిష్పత్తి పైకి లేస్తుంది. 1991–92 ఎల్‌నినో వానల తరువాత ఎలుకలు పెరగడాన్ని, న్యూమెక్సికోలోని సెవియెటా పరిశోధన క్షేత్రంలో అప్పటికే వాటిని లెక్కిస్తూ వస్తున్న పరిశోధకులు గమనించారు. తడి ఏడాదికీ, పిన్యోన్ అనే పైన్ చెట్ల గింజల పంటకూ, ఎలుకలకూ, రోగానికీ ఉన్న లంకెను అక్కడి ఆదివాసులైన నవాహోల పెద్దలు, జబ్బుపై దర్యాప్తు చేస్తున్నవారికి తామే చెప్పారు. ఆ లంకె నిజమే గానీ, వానకూ జబ్బుకూ మధ్య ఎంత ఆలస్యం ఉంటుందో తెలియాలంటే అదే నేలలో నెలనెలా, ఏళ్ళ తరబడి బోనులు పెట్టక తప్పదు. మోంటానాలో 1994 నుంచి అలా సేకరించిన లెక్కల వల్లే, పైకి ఏ జబ్బూ లేనట్టు కనిపించే మగ ఎలుకల ఆయుష్షును కూడా ఈ వైరస్ తగ్గిస్తుందని బయటపడింది. ఒక్క సీజనులో థీసిస్ ముగించాలనుకునేవారికి ఈ అంశం సరిపడదని నా అభిప్రాయం. పాత లెక్కలు చేతికి వస్తేనే తీసుకోండి.

ఒప్పుకునే ముందు ప్రొఫెసరును కొన్ని విషయాలు అడగండి: రెస్పిరేటరు మీ ముఖానికి సరిపోతుందో లేదో పరీక్ష చేయిస్తారా, పని మొదలుకాకముందు మీ రక్తనమూనా తీసి భద్రపరుస్తారా, క్షేత్రంలో బస ఎక్కడ? ఆ బస పాత క్యాబినైతే ముందు అరగంట తలుపులు, కిటికీలు తెరిచి ఉంచి, పెంటికలను చీపురుతో ఊడవకుండా బ్లీచింగ్ నీళ్ళతో తడిపి, అయిదు నిమిషాలు ఆగి కాగితంతో తుడవాలి. లక్షణాలు వైరస్ సోకిన ఎనిమిది వారాలకు కూడా మొదలుకావచ్చు కనుక, సీజను ముగిసి సెలవులకు హైదరాబాదు వచ్చినప్పుడు జ్వరం వస్తే అక్కడి డాక్టరు డెంగీ, మలేరియాల దగ్గర ఆగిపోకుండా, మీరు చేసిన పని సంగతి మీరే ముందుగా చెప్పండి.