దేవుని యెదుట ఒప్పుకున్నది ఇంట్లోనూ ఒప్పుకోవాలి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది గుంటూరు జిల్లా. చిన్న వయసులోనే బాప్తిస్మం తీసుకున్నాను, ఇప్పుడు మా సంఘంలో యౌవనస్థుల కూటం బాధ్యత చూస్తున్నాను. రెండేళ్లుగా ఫోన్‌లో రమ్మీ, ఆ తర్వాత క్రికెట్ బెట్టింగుల్లో పడి రూ. 6 లక్షలు అప్పుచేశాను. నా భార్య గొలుసు తాకట్టు పెట్టి, లాకరులో ఉందని ఆమెకు చెప్పాను. క్రిస్మస్ ఖర్చులకని యువకులు ఇచ్చిన రూ. 18,000 కూడా వాడేశాను. నెల కిందట ఉపవాస ప్రార్థనలో దేవుని దగ్గర అంతా ఒప్పుకున్నాను, అప్పటి నుంచి ఆడలేదు. దేవుడే క్షమించాక భార్యకు చెప్పి ఆమె మనసు విరచడం అవసరమా? వచ్చే ఆదివారం ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనలో) పాలుపొందవచ్చా?

జవాబు: సోదరా, ఆ రోజు మీరు దేవుని ముందు కార్చిన కన్నీళ్లను నేను శంకించను. అయితే గొలుసు లాకరులో ఉందని మీరు చెప్పిన మాట ప్రార్థనకు ముందు ఎంత అబద్ధమో ఈ రోజుకూ అంతే అబద్ధం. రేపు బంధువుల పెళ్లికి వెళ్లేటప్పుడు ఆమె ఆ గొలుసు తెమ్మంటే మీరు ఇంకో అబద్ధం ఆడక తప్పదు. మీరు ఆట మానారు గాని దాన్ని కప్పిపుచ్చడం మానలేదు. నా దృష్టిలో రమ్మీ కంటే లోతుగా నాటుకున్న పాపం ఆ రెండోదే.

యోహాను మొదటి పత్రిక మొదటి అధ్యాయం మళ్లీ చదవండి. పాపములు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడన్న తొమ్మిదో వచనం మీకు కంఠస్థమై ఉంటుంది. దానికి రెండు వచనాల ముందే, వెలుగులో నడిచేవారికి ఒకరితో ఒకరికి సహవాసం ఉంటుందని అపొస్తలుడు రాశాడు. ఒకే కప్పు కింద కాపురం చేస్తున్న మనిషికి ఆరు లక్షల అప్పు తెలియకుండా దాచి, దేవునితో మాత్రం వెలుగులో ఉన్నానని అనుకోవడానికి ఆ అధ్యాయం చోటివ్వదు. సువార్తలో చెప్పిన సుంకం వసూలుదారు జక్కయ్య యేసును ఇంట చేర్చుకున్నాక లోలోపల పశ్చాత్తాపపడి ఊరుకోలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి చెల్లిస్తానని నిలబడి చెప్పాడు. లెక్క చెప్పమని ప్రభువు అతణ్ణి అడగలేదు.

కాబట్టి మీ భార్యకు చెప్పాలి. ఆమె మనసు విరుగుతుందన్న మీ భయం నిజమే, కానీ విరిచే పని ఎప్పుడో జరిగిపోయింది, ఆమెకు తెలియడమే మిగిలింది. తాకట్టు గడువు దాటి వేలం నోటీసు ఇంటికి వస్తే, ఆమె ఆ సంగతి మీ నోటి నుంచి కాక పోస్టుమ్యాన్ చేతి నుంచి తెలుసుకుంటుంది. ఎవరికెంత బాకీ, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు అన్నది ఒక కాగితం మీద రాసి, తాకట్టు రసీదు జతచేసి, పిల్లలు ఇంట్లో లేని సమయం చూసి ఒక్కసారే మొత్తం చెప్పండి. సగం ఇప్పుడు, సగం తర్వాత అనుకోకండి. రెండోసారి బయటపడిన సగం మొదటిదాన్ని కూడా అబద్ధం చేస్తుంది. క్షమించమని అడగండి గాని, క్షమాపణ గురించిన వాక్యాలు ఆమెకు వినిపించకండి. ఆమె కొన్నాళ్లు పుట్టింటికి వెళ్తానంటే అడ్డుపడకండి. జీతం పడే ఖాతా, ఫోన్‌లో చెల్లింపుల పిన్ ఆమె చేతిలో పెట్టండి. పాత అప్పు తీర్చడానికి యాప్‌లో కొత్త అప్పు చేయవద్దు.

కూటం డబ్బు సంగతి మీ పాస్టరుగారికి ఈ వారమే చెప్పి, వాయిదాల్లోనైనా తిరిగి కట్టి, కొంతకాలం ఆ బాధ్యత నుంచి తప్పుకోండి. వేదిక మీద సాక్ష్యం చెప్పే తొందర ఇప్పుడు వద్దు. మీ భార్య ఈ విషయం సంఘం మధ్యలో కూర్చుని వినడం న్యాయం కాదు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది, 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా దొంగ లింకులు ఫోన్‌కు వస్తూనే ఉంటాయి. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగా గుర్తించింది, కాబట్టి మానసిక వైద్యుణ్ణి కలవడం విశ్వాసలోపమని ఎవరన్నా పట్టించుకోకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. అప్పుల బాధలో చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి తలెత్తినా, ఆలస్యం చేయకుండా ఆ నంబరుకు చేయండి, ఇంట్లో వాళ్లను పిలవండి.

ఇక ప్రభువు బల్ల. సహోదరునికి నీమీద విరోధమేమైనా ఉందని జ్ఞాపకం వస్తే, అర్పణను బలిపీఠం ముందే విడిచి మొదట అతనితో సమాధానపడమని యేసు కొండమీది ప్రసంగంలో ఆజ్ఞాపించాడు. అందువల్ల శనివారంలోగా మీ భార్యతో మాట్లాడండి. మాట్లాడాక ఆమె కోపం చల్లారకపోతే బల్లకు వెళ్లకూడదా అని మీరు అడగవచ్చు. ఆమె కోపం మీకు అడ్డు కాదు, అది చల్లారడానికి నెలలు పట్టవచ్చు. దాచినది ఇంకేమీ లేకపోతే, మీ పాస్టరుగారితో మాట్లాడి, మిమ్మును మీరు పరీక్షించుకుని వెళ్లండి.