రాత్రికి మూడు మాటలు చెప్పే యాప్

ప్రశ్న: మాస్టారూ, మాకు భీమవరం దగ్గర మూడెకరాల రొయ్యల చెరువు ఉందండి. ఆక్సిజన్ చూసుకోవడానికి మా అబ్బాయి ఫోన్లో ఒక యాప్ పెట్టాడు. మొన్న సాయంత్రం ‘ఈ రాత్రి ప్రమాదం 10 శాతం’ అంది. తెల్లవారుజామున మూడింటికి అలారం కొట్టి 33 అంది. టార్చి వేసి చూస్తే రొయ్యలు గట్టువారకి వచ్చి తేలుతున్నాయి. ఆ సంగతి యాప్‌లో నొక్కగానే 80 అంది. అప్పుడు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వేశాను. ఇన్నిసార్లు మాట మార్చేదాన్ని ఎలా నమ్మేదండి?

జవాబు: మాట మార్చకపోతేనే దాన్ని తీసి కాలవలో పారేయాలండి. సాయంత్రానికి దాని దగ్గరున్నది పాత రాత్రుల లెక్క ఒక్కటే. ఆ తర్వాత సాక్ష్యం వచ్చింది. మీ అంకెలకు సరిపడేలా నేనే ఒక లెక్క వేస్తాను, చూడండి.

వంద రాత్రుల్లో పదింట ఆక్సిజన్ పడిపోతుందనుకుందాం. ఆ పదిలో తొమ్మిదిసార్లు అలారం మోగుతుంది. మిగతా తొంభై మంచి రాత్రుల్లో కూడా పద్దెనిమిదిసార్లు ఊరికే మోగుతుంది. మొత్తం మోతలు 27, అందులో నిజమైనవి 9. మీ 33 అదే. ఇక రొయ్యలు తేలడం చెడ్డ రాత్రుల్లో పదికి ఎనిమిదిసార్లు, మంచి రాత్రుల్లో పదికి ఒక్కసారి కనిపిస్తుందనుకోండి. ఆ 9 కాస్తా 7.2 అవుతుంది, 18 కాస్తా 1.8కి పడిపోతుంది. మొత్తం తొమ్మిదిలో 7.2 అంటే 80 శాతం. ఇది థామస్ బేయస్ అనే ఇంగ్లండు మతబోధకుడి లెక్క. ఆయన పోయాక 1763లో అచ్చయింది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. నేనూ రిటైరయ్యాక చెరువు చేసి చేతులు కాల్చుకున్నవాడినే. మీటర్లు రెండు పెట్టాను. రెండూ ఆక్సిజన్ బాగుందన్నాయి. ఇద్దరు సాక్షులు చెప్పారు కదా అని పడుకున్నాను. పొద్దున్న రొయ్యల్ని చూసుకోవడానికి నీళ్లలో దించే చెక్ ట్రే ఎత్తితే చచ్చిన రొయ్యలే. తీరా చూస్తే రెండు మీటర్లనూ ఒకే కుర్రాడు ఒకేరోజు తప్పుగా క్యాలిబ్రేట్ చేశాడు, అంటే కొలత సరిచేయబోయి తప్పుగా పెట్టాడు. నేను ఇద్దరనుకున్నది ఒక్క సాక్షినే! ఏ సంగతి దేని వల్ల వస్తుందో బాణపు గీతలతో బొమ్మ గీసి, ఇలాంటి ఉమ్మడి కారణాలను యంత్రం లెక్కలోకి తెచ్చే పద్ధతిని 1980ల్లో జూడియా పెర్ల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త తీర్చిదిద్దారు. కంప్యూటర్ రంగంలో పెద్ద బహుమతి అయిన ట్యూరింగ్ అవార్డు 2011కి ఆయనకే వచ్చింది. మీ యాప్‌కి ఆ తెలివి ఉందో లేదో అమ్మినవాళ్లని గట్టిగా అడగండి.

ఇంకోటి. ప్రమాదం సున్నా అని మొదలుపెట్టే యాప్ అయితే వద్దు. సున్నాని దేనితో హెచ్చవేసినా సున్నాయే, రొయ్యలన్నీ గట్టువారకి వచ్చి తేలినా అది కదలదు.

మిమ్మల్ని కోప్పడాల్సింది మాత్రం ఒకటుంది. 33 దగ్గరే ఏరియేటర్లు ఎందుకు వేయలేదండి? ఎంత నమ్మాలన్నది ఒక లెక్క, ఏం చేయాలన్నది మరో లెక్క. గంట కరెంటు ఖర్చెక్కడ, మూడెకరాల పంటెక్కడ?

ఏరియేటర్లు తిరిగాక అంకె దిగిందో లేదో మీరు రాయలేదు. దిగకపోతే ముందు నీళ్లలో ఆక్సిజన్ కొలిచే ప్రోబ్ పైకి తీసి, నాచు పట్టిందేమో తుడిచి చూడండి.