‘నేను’ చెప్పే కథ

ప్రశ్న: సికింద్రాబాద్ స్టేషన్‌లో అన్న కోసం ఎదురుచూసే చెల్లెలి కథను ‘నేను’ అంటూ రాశాను. చదివినవాళ్లు డైరీలా ఉందన్నారు. ‘ఆమె’ అని మార్చేయమంటారా?
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: మార్చకండి. ‘నేను’ అనగానే పాఠకుడు ఆ చెల్లెలి పక్కనే బెంచీ మీద కూర్చుంటాడు. ఆమెకు తెలిసినంతే అతనికీ తెలుస్తుంది. ఆ ఇరుకే ఈ కథకు బలం. (ఇది మన వ్యాకరణంలో ఉత్తమ పురుష. ప్రథమ పురుష అంటే మనకు ‘అతడు, ఆమె’. చాలామంది తారుమారు చేస్తుంటారు.)

‘నేను’ పదేపదే రావడం వల్లే డైరీలా అనిపిస్తుంది. తెలుగులో ఆ పని క్రియే చేసిపెడుతుంది. ‘నేను ప్లాట్‌ఫాం మీదికి వెళ్లాను, నేను గడియారం చూశాను’ అక్కర్లేదు. ‘ప్లాట్‌ఫాం మీదికి వెళ్లాను. గడియారంలో ఆరు నలభై’ చాలు. ‘చూశాను’ తీసేస్తే గడియారాన్ని పాఠకుడే చూస్తాడు.

అసలు చిక్కు వేరే ఉంది. ‘అన్న లోలోపల కుమిలిపోతున్నాడు’ అని రాస్తే, ఆ సంగతి ఆమెకెలా తెలిసింది? నమ్మకం తెగేది అక్కడే. ‘టీ చల్లారిపోయినా అన్న గ్లాసు కింద పెట్టలేదు’ అనండి. ఎవరో చెప్పిన సంగతైతే ‘ట’ ఉండనే ఉంది: ‘రాత్రంతా నిద్రపోలేదట’. కళ్లతో చూసిందా, చెవితో విన్నదా అన్నది ఒక్క అక్షరంతో తేలిపోతుంది. ఇంత పొదుపైన పనిముట్టును దయచేసి వదులుకోకండి.

ఆమె ఈ కథ చెబుతున్నది ఆ సాయంత్రమేనా, ఇరవై ఏళ్ల తర్వాతా? అదీ ముందే తేల్చుకోండి. తర్వాతైతే ‘అప్పుడు నాకు తెలియలేదు’ అన్న మాట కథ మొత్తంలో ఒక్కచోటే రానివ్వండి.