నాన్న గుమ్మం వైపు చూసి ‘అమ్మ వచ్చింది’ అంటున్నారు.. నిద్రమాత్ర వేయాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 84 ఏళ్లు. గుండె పంపింగ్ బాగా పడిపోయింది, ఇక ఇంట్లోనే చూసుకోమని డాక్టర్లు పంపేశారు. మాది ముక్తేశ్వరం దగ్గర పల్లె. నాలుగు రోజులుగా గుమ్మం వైపు చూసి, తొమ్మిదేళ్ల క్రితం పోయిన మా అమ్మ వచ్చి నిలబడిందంటున్నారు. భయం లేదు, నవ్వుతున్నారు. మమ్మల్నందరినీ గుర్తుపడుతున్నారు. మొన్న రాత్రి ‘పోయాక ఏమవుతుందే అమ్మాయ్?’ అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. నిద్రమాత్ర వేయమంటారా? ఆయనకేం చెప్పాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు మాత్ర సంగతి. వద్దమ్మా. చివరి రోజుల్లో ఉన్నవాళ్లకు పోయిన తల్లో, భార్యో కనిపించడం మేం తరచూ వినేదే. అమెరికాలోని బఫెలోలో ఒక హాస్పిస్‌లో, అంటే చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే చోట, 59 మందిని అడిగి రాసుకుంటే, పదిమందిలో దాదాపు తొమ్మిది మంది ఇలాంటి కలో, దృశ్యమో చెప్పారు. 2014లో ఆ వివరాలు అచ్చయ్యాయి. మీ నాన్నగారి మాట తిన్నగా ఉంది, మనసు నెమ్మదిగా ఉంది. దానికి మందెందుకు?

బట్టలు పీక్కోవడం, మంచం దిగిపోతాననడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, పొద్దున బాగుండి రాత్రికి కేకలు వేయడం ఉంటే మాత్రం అది వేరు. డెలీరియం అంటాం. పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూడండి, ఉబ్బి గట్టిగా తగిలితే మూత్రం ఆగిపోయి ఉండొచ్చు. మలబద్ధకం, ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం వల్లా వస్తుంది. నిద్రమాత్రలు దాన్ని ఇంకా పెంచొచ్చు. అప్పుడు డాక్టర్‌ని ఇంటికి పిలిపించండి.

ఇక ఆయన అడిగినది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రైతు ఇదే అడిగారు. నాకు పాతికేళ్లు కూడా లేవు, అన్నీ తెలుసుననుకునే వయసు. ‘ఏముంటుందండీ, ఏమీ ఉండదు, పడుకోండి’ అన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను డ్యూటీ దిగేదాకా ఇటు తిరగలేదు. ఏమీ ఉండదని నాకెలా తెలుసు? ఉంటుందని మాత్రం ఎలా తెలుసు?

గుండె ఆగి మళ్లీ బతికిన 344 మందిని నెదర్లాండ్స్‌లో అడిగితే 62 మంది వెలుగనో, పోయినవాళ్లు కనిపించారనో చెప్పారు. 2001లో వచ్చిందా అధ్యయనం. మిగతా 282 మందికి అలాంటిదేమీ గుర్తు లేదు. అయినా వాళ్లంతా కోటిపల్లి రేవులో పంటు పడవెక్కి నడిగోదారి నుంచే వెనక్కొచ్చినవాళ్లు. అవతలి ఒడ్డున కాలు పెట్టలేదు. నచికేతుడు ఇదే అడిగితే, దేవతలకే సందేహమిది, ఇంకో వరం కోరుకోమన్నాడు యముడు. ఆ పిల్లవాడు పట్టు వదలకపోతే తర్వాత చెప్పాడనుకోండి. నాది అంత చదువు కాదు.

కాబట్టి ‘నాకు తెలీదు నాన్నా, మీకేమనిపిస్తోంది?’ అనండి. అని ఊరుకోండి, ఆయన్ని చెప్పనివ్వండి. చాలాసార్లు ఆ ప్రశ్న వెనక ఇంకోటి ఉంటుంది: ఊపిరాడక పోతానా అని. దానికి నా దగ్గర జవాబుంది. ముఖం మీదికి చిన్న ఫ్యాన్ గాలి తగలనివ్వండి, తలవైపు ఎత్తు పెట్టండి. ఆయాసానికి తక్కువ మోతాదులో మార్ఫిన్ కొందరికి ఉపశమనం ఇస్తుంది, ఇవ్వొచ్చేమో మీ డాక్టర్‌ని అడగండి.

రాబోయే రోజుల్లో తిండి మానేస్తారు, ఎక్కువగా నిద్రపోతారు, కాళ్లూ చేతులూ చల్లబడతాయి. ఊపిరి ఆగి ఆగి వస్తుంది. గొంతులో గరగర వినిపిస్తే టెన్షన్ పడకండి. మింగలేని ఉమ్మి చప్పుడది, ఆ సమయానికి ఆయనకు పెద్దగా స్పృహ ఉండదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చుట్టాలు తులసి తీర్థం పొయ్యమంటారు. చెంచాతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దూదిని ముంచి పెదాలు తడపండి, తీర్థం ఇచ్చినట్టే.

పలకకపోయినా మాట్లాడుతూ ఉండండి. స్పృహ లేనివాళ్లలో కొందరి మెదడు కూడా శబ్దానికి స్పందిస్తోందని 2020లో కెనడాలో చూశారు. గుమ్మం వైపు చూడ్డానికి ఆయన మెడ తిప్పాల్సి వస్తోందేమో, మంచం కాస్త అటు జరపండి.