దగ్గు తగ్గిన పది రోజులకు కాళ్లలో పట్టు పోతే

అన్నా, మీ నాన్నగారికి జ్వరం, దగ్గు తగ్గి పది రోజులైందనీ, మూడు రోజులుగా రెండు పాదాలూ తిమ్మిరెక్కి మెట్లు ఎక్కలేకపోతున్నారనీ రాశారు. షుగర్ వల్లనా, జ్వరం తర్వాత వచ్చే నీరసమా అని అడిగారు. నేను డాక్టర్ను కాను. కానీ మా ఇంట్లో సరిగ్గా ఇలాగే మొదలైంది, చివరికి జీబీఎస్ అనే నరాల జబ్బని తేలింది. రేపటిదాకా ఆగకండి, ఇవాళే న్యూరాలజిస్టుకు చూపించండి. షుగర్ తిమ్మిరి నెలలు, ఏళ్లు పట్టి వస్తుంది, మూడు రోజుల్లో మెట్లు ఎక్కకుండా చేయదు.

2024లో మేడారం జాతర నుంచి వచ్చాక మా ఇంటిల్లిపాదికీ జలుబు, జ్వరం. వారంలో అందరికీ తగ్గింది. మా ఆయన వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి కాంటాల దగ్గర పని చేస్తారు. సీజన్ కదా, తగ్గీ తగ్గకముందే పనిలోకి వెళ్లారు. ఇంకో వారానికి, ఒకరోజు సాయంత్రం ఒక కాలికే చెప్పుతో ఇంట్లోకి వచ్చారు. రెండోది జారిపోయినట్టు ఆయనకు తెలియనే లేదు. వెతికితే గేటు బయట దొరికింది. ఆ రాత్రి అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టుందన్నారు. తెల్లారి బండి స్టాండు తీయలేకపోయారు.

దగ్గర్లోని ఒక క్లినిక్‌లో నీరసమని చెప్పి సెలైన్ ఎక్కించి, బలానికి ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. రెండు రోజులు అలా పోయాయి. మూడో రోజు కుర్చీలోంచి లేవలేకపోయారు, చేతిలోంచి చాయ్ గ్లాసు జారింది. చూడటానికి వచ్చినవాళ్లు పక్షవాతమన్నారు, పసరు పోయించమన్నారు. పక్షవాతం మామూలుగా ఒక పక్కకు, ఉన్నట్టుండి వస్తుంది. ఈయనకు రెండు కాళ్లకూ ఒకేలా, కింది నుంచి పైకి పాకింది. ఆ తేడా నాకు ముందే తెలిస్తే ఆ రెండు రోజులు పోయేవి కావు. ఇప్పటికీ అదే బాధ.

హనుమకొండలో న్యూరాలజిస్టు మోకాలి చిప్ప కింద సుత్తితో తట్టారు. కాలు కదల్లేదు. గులియన్ బారే సిండ్రోమ్, అంటే జీబీఎస్ అన్నారు. వైరస్ మీద పోరాడాల్సిన రోగనిరోధక శక్తి పొరబడి సొంత నరాల మీద పడుతుందట. కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టు నరానికీ ఒక పొర ఉంటుంది. అది దెబ్బతింటే మెదడు చెప్పింది కండరానికి చేరదు. జలుబో, ఫ్లూనో, కోవిడో, విరేచనాలో తగ్గాక ఒకటి నుంచి నాలుగు వారాల్లో వస్తుంది. అరుదైన జబ్బే, భయపెట్టాలని చెప్పడం లేదు.

తర్వాత డాక్టరుగారు గట్టిగా ఊపిరి పీల్చి, మధ్యలో ఆపకుండా అంకెలు లెక్కపెట్టమన్నారు. 31 దాకా వెళ్లారు. మరుసటి పొద్దున 19 దగ్గరే గొంతు ఆగిపోయింది. వెంటనే ఐసీయూలోకి మార్చారు. ఈ జబ్బులో నలుగురైదుగురిలో ఒకరికి ఊపిరి కండరాలూ పడిపోయి వెంటిలేటర్ అవసరమవుతుంది. అందుకే వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. దారిలో మీరూ ఆ లెక్క పెట్టించి చూడండి. అంకె తగ్గుతున్నా, మింగేటప్పుడు పొలమారుతున్నా అడుగుపెట్టగానే ఆ మాటే చెప్పండి.

వెన్నునీటి పరీక్ష మాకు మొదట నార్మల్ వచ్చింది. మొదటి వారంలో అలా రావచ్చట, డాక్టరుగారు దాని కోసం ఆగకుండా ఇమ్యునోగ్లోబులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, సెలైన్‌లా ఎక్కించడం మొదలుపెట్టారు. కిలో బరువుకు 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు. 65 కిలోల మనిషికి మొత్తం 130 గ్రాములు, ఐదు గ్రాముల సీసాలు 26. ఖర్చు లక్షల్లో ఉంటుంది, ఆరోగ్యశ్రీ కార్డు వెంట తీసుకెళ్లి చేర్చేటప్పుడే అడగండి. ప్లాస్మా మార్పిడి, అంటే రక్తంలోని ద్రవాన్ని తీసేసి వేరే ద్రవం ఎక్కించడం, కూడా దీనికి సమానంగా పని చేస్తుంది. స్టెరాయిడ్ ఇప్పించమని మాకూ ఎవరో చెప్పారు, ఈ జబ్బుకు దానితో లాభం లేదు.

మా ఆయనకు వెంటిలేటర్ దాకా పోలేదు. ఏప్రిల్లో గోడ పట్టుకుని నిలబడ్డారు, రోజూ ఫిజియోథెరపీ చేయిస్తే దసరాకు బండి నడిపారు. ఇప్పటికీ ఎక్కువ దూరం నడిస్తే పాదాలు మొద్దుబారతాయంటారు.

మీ నాన్నగారికి రెండు కాళ్లూ ఒకేలా ఉన్నాయా, మాట, మింగడం ఎలా ఉన్నాయి, రాయండి. కానీ ముందు బయల్దేరండి, ఆటోలో కూర్చున్నాక రాయొచ్చు.